పాదాల ఫోల్డర్

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. సినిమాకి వెళ్తే విశ్రాంతి దాకా ఆగలేను, మధ్యలో లేచి బయట ఒక చుట్టు చుట్టి వస్తాను. బస్సులో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడతాను. "కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతావేటే" అని మా అమ్మ చిన్నప్పటి నుంచీ తిడుతూనే ఉంది. అలాంటిదాన్ని ఏరికోరి ఒక సాయంత్రం వేదికెక్కి మాట్లాడమన్నారు.

మాట్లాడటమంటే మామూలు ఉపన్యాసం కాదు. తెర మీద ఇరవై బొమ్మలు వస్తాయి. ఒక్కోటి ఇరవై సెకన్లు ఉంటుంది. మన మాట పూర్తయినా కాకపోయినా బొమ్మ దానంతటదే మారిపోతుంది. వెనక్కి తిప్పడం ఉండదు. చేతిలో ఏదో ఒక కళ ఉన్నవాళ్ళని వెతికి ఇలా మాట్లాడిస్తున్నామని, ఆ కార్యక్రమం నడిపే అతను మా స్టూడియోకి వచ్చి చెప్పాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"నాది కళేంటండీ? కత్తిరించి అతికిస్తాను, అంతే" అన్నాను.

"అదే కావాలి అక్కా, అదే చెప్పండి" అన్నాడు ఒడియాలో, ఫోన్లోంచి తలెత్తకుండా.

నేను బరంపురంలో ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు పని చేస్తాను. నా పని జాయింట్ ఫోటోలు చేయడం. ఈ పనికి మా గంజాం జిల్లాలో గిరాకీ ఎందుకో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంటికో మగమనిషి సూరత్‌లో మగ్గాల దగ్గర ఉంటాడు. సముద్రం మీద బతికే మా చమఖండి లాంటి ఊళ్ళ నుంచయితే కేరళ వైపో గుజరాత్ వైపో వెళ్ళి, ఎవరివో బోట్ల మీద వేటకి పోతారు. పిల్లకి చెవులు కుట్టించినా, కొత్తింట్లో పాలు పొంగించినా భార్యా పిల్లలూ ముస్తాబై స్టూడియోకి వస్తారు. ఆయన మాత్రం ఫోన్లో వస్తాడు. నేను ఆయన్ని ఫోన్లోంచి తీసి వాళ్ళ పక్కన నిలబెడతాను.

చెప్పినంత తేలిక కాదు. మగ్గాల షెడ్డులో ట్యూబులైటు కింద దిగిన మొహం పాలిపోయి ఉంటుంది. బోటు మీద ఎండలో దిగిన మొహానికి ముక్కు తప్ప ఏమీ కనబడదు. ఆ రెండు రకాల మొహాల్నీ మా స్టూడియో వెలుతురులోకి తేవాలి. భార్య నీడ ఎటు పడితే ఆయన నీడా అటే పడాలి. అన్నీ అయ్యాక, "మా ఆయన్ని రవంత పొడుగు సెయ్యమ్మా" అంటారు. చేస్తాను. ఇన్నేళ్ళలో ఏ ఆడమనిషీ పొట్టి చెయ్యమనలేదు.

మా స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. ఓనరు గారిది తాతల నాటి నుంచీ బరంపురంలో కొట్లు నడిపిన తెలుగు కుటుంబం. నేను పనిలో చేరిన రోజే ఆయన చెప్పారు. "బతికున్న మనిషికి పాదాలుండాలమ్మా. పోయిన మనిషికి ఉండకూడదు. ఇది ఎప్పుడూ మర్చిపోకు." పోయినవాళ్ళని గుండెల దాకా కోసి, వెనక నీలం మబ్బులు వేసి, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో గీత గీస్తాం. ఉన్నవాళ్ళు నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడతారు. జనానికి కూడా ఇది అలవాటైపోయింది. ఫోటో చేతికివ్వగానే మొహం చూడరు, ముందు అడుగున చూస్తారు. ఒకసారి అందంగా ఉంటుంది కదా అని ఒకాయన కాళ్ళ ముందు పూలకుండీ పెట్టాను. వాళ్ళావిడ సాయంత్రానికల్లా వచ్చి కౌంటర్ మీద ఫోటో గిరాటేసి, "మా ఆయన కాళ్ళేవి? ఏటి, సంపేసినారా?" అని వీధి వీధంతా వినబడేలా అరిచింది. ఆ పూలకుండీ జోలికి నేను మళ్ళీ పోలేదు.

వచ్చిన చిక్కల్లా ఫోన్లో పంపే ఫోటోల్లో పాదాలు ఉండవు. మనిషన్నవాడు తన మొహాన్నే తీసుకుంటాడు గాని కాళ్ళని తీసుకోడు కదా. అందుకని నా కంప్యూటర్లో 'పాదాలు' అని ఒక ఫోల్డర్ ఉంది. స్టూడియోకి ఎవరొచ్చినా కాసేపు నిలబెట్టి కాళ్ళు ఫోటో తీసుకుంటాను. ఆటోవాళ్ళవి ఉన్నాయి, ఎదురుగా టీ కొట్టు ఆయనవి ఉన్నాయి, మా ఓనరు గారివీ ఉన్నాయి. ఆయన పాదాలు ఈపాటికి ఎన్ని గోడల మీద ఎంతమంది భార్యల పక్కన నిలబడ్డాయో ఆయనకే తెలీదు.

ఇదంతా బొమ్మలతో చెప్తే జనం నవ్వుతారని నాకు తెలుసు. అందుకే ఒప్పుకున్నానని అందరితో అన్నాను. అసలు సంగతి మా అన్న.

మా అన్న కేరళ వైపు ఒక బోటు మీద పనికి వెళ్ళాడు. ఆ బోటు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. బోటు ముక్క దొరకలేదు, మనుషులూ దొరకలేదు. వెతికారు, ఆపేశారు. అప్పటి నుంచి రెండు వానాకాలాలు దాటాయి. వదిన గాజులు తియ్యలేదు, బొట్టు తియ్యలేదు. ఛత్రపురం బజారులో చేపలమ్ముకుని పిల్లని చదివిస్తోంది. అమ్మ మొదటి ఏడాదంతా ఎదురు చూసింది. రెండో ఏడు చుట్టాలు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు, చెయ్యాల్సింది చెయ్యకపోతే ఆడి ప్రాణం నీళ్ళ మీదే తిరుగుతుందని. అమ్మ బెదిరిపోయింది.

ఈలోగా అన్న కూతురు పెద్దమనిషైంది. ఓణీల ఫంక్షన్ చెయ్యాలి. ఇంట్లో ఒక సంగతి తేలకుండా శుభకార్యమేమిటని పెద్దలు పట్టు పట్టారు. అమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"గుండెల దాకా సేసి తెచ్చీ. దండేసీద్దుం. ఎన్నాళ్ళని ఆడ్ని అలగ గాల్లో ఒగ్గీడం?"

ఆ సాయంత్రమే నూతి దగ్గర వదిన పట్టుకుంది.

"అమ్మీ, ఫంక్షన్‌కి పెద్ద ఫోటో కావాల. మీ అన్నా, నేనూ, మద్దిన పిల్లా. మీ అన్నకి కాళ్ళు కనబడాల."

ఇద్దరికీ సరేనన్నాను. ఇద్దరి మీదా నాకు కోపమే. అంతకన్నా ఎక్కువ కోపం అన్న మీద. ఇంకెవరి ఇంటి మనిషైనా నాకు పాదాలు ఉండాలో వద్దో వాళ్ళే చెప్తారు, నేను చేసిస్తాను. నా అన్న విషయానికొచ్చేసరికి ఆ తీర్పు నా చేతిలో పెట్టారు. కంప్యూటర్లో అతని ఫోటో తెరిచేదాన్ని, మూసేదాన్ని, లేచి వీధిలోకి పోయేదాన్ని. మా దగ్గరున్న ఆఖరి ఫోటో అది. బోటు మీద ఐసు పెట్టె వెనక నిలబడి నవ్వుతున్నాడు. మోకాళ్ళ దాకానే ఉన్నాడు. ఆ కిందదంతా పెట్టె మింగేసింది.

ఇరవై బొమ్మల మాట వచ్చినప్పుడు నాకు తట్టింది ఇదీ. తెర మీద పరాయివాళ్ళ మధ్య మా అన్నని కూడా నిలబెడతాను. చూసేవాళ్ళకి అతనెవరో తెలీదు. కేరళలో పని చేసుకుంటున్న ఎవరో ఒకావిడ భర్త అనుకుంటారు. అమ్మా వదినా గొడవ పడటానికి అక్కడ ఉండరు. ఇరవై సెకన్లు అతను మామూలుగా బతికుంటాడు. నాకు కావలసింది అంతే.

పాదాలు కుదరలేదు. ఆటోవాళ్ళవి పెట్టి చూశాను, టీ కొట్టు ఆయనవి పెట్టి చూశాను. ఓనరు గారివి పెడితే నాకే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏవి పెట్టినా అన్న ఎవరి మీదో ఎక్కి నిలబడ్డట్టే ఉంది. చివరికి స్టూడియో తలుపు గడియ వేసి, ఫోన్‌ని స్టూలుకి ఆనించి, నా పాదాలు నేనే తీసుకున్నాను. మా ఇద్దరికీ నాన్న పాదాలే వచ్చాయి. వెడల్పుగా, బొటనవేలి పక్క వేలు పొడుగ్గా ఉంటాయి. గోళ్ళరంగు చెరిపేసి, కొంచెం నలుపు పెంచి, మా ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద మధ్యాహ్నపు ఎండలో అతన్ని నిలబెట్టాను. పక్కన వదిన, మధ్యలో పిల్ల. సరిగ్గా అతికింది. బొమ్మల్ని నిర్వాహకుడికి పంపేసి, చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

కార్యక్రమం రోజు మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. "అమ్మీ, మేమూ వత్తన్నాం. మీ అమ్మా, నేనూ, పిల్లా. బస్సెక్కీసినాం. నువ్వు స్టేజీ మీద మాట్లాడతావని పిల్ల ఫోన్లో సూసింది."

నిర్వాహకుడి దగ్గరికి పరుగెత్తి ఒక బొమ్మ తీసెయ్యమన్నాను. ఇరవై ఉండాల్సిందే, అందరివీ వరసగా కలిపేశాం, ఇప్పుడు ముట్టుకుంటే మొత్తం చెడుతుంది అన్నాడు, ఫోన్లో మొహం పెట్టి. ఆ ఫోన్ లాక్కుని కాలవలో పారెయ్యాలనిపించింది. గట్టిగా అడిగితే తీసేవాడేమో. గట్టిగా అడగలేదు.

హాలు చిన్నది, జనం ఎక్కువ. ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి మనుషుల దాకా రావడం లేదు. గోపాలపూర్ ఇసుకలో బొమ్మలు చేసే ఒకాయన ముందు మాట్లాడాడు. ప్రతి బొమ్మా చూపించి, ఇది కూడా అల తీసుకుపోయింది అన్నాడు. ఆయన ఎంత నిదానంగా చెప్తున్నాడంటే, వెళ్ళి కుదిపెయ్యాలనిపించింది. తర్వాత పట్టుచీరల అంచులకి నమూనాలు గీసే ఒకావిడ మాట్లాడింది. ఆమె ఒక చీర గురించి చెప్తుండగానే తెర మీదికి ఇంకో చీర వచ్చేస్తోంది. ఆమె వెనక పడిపోయి పరుగెత్తుతోంది. నేను రెండుసార్లు లేచి బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాను.

మూడో వరసలో వాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఈ చివర అమ్మ, ఆ చివర వదిన, మధ్యలో పిల్ల. కొన్నాళ్ళుగా ఆ అత్తాకోడళ్ళు ఎక్కడైనా అలాగే కూర్చుంటున్నారు. పిల్ల నాకు చెయ్యి ఊపింది.

నన్ను పిలిచారు. ఒడియాలో మొదలుపెట్టాను, మధ్యమధ్య తెలుగు దొర్లింది. హాల్లో సగం మంది రెండూ తెలిసినవాళ్ళే. భర్తని పొడుగు చెయ్యమన్న ఆడవాళ్ళ దగ్గర నవ్వారు, పూలకుండీ దగ్గర ఇంకా నవ్వారు. బతికున్నవాళ్ళకే పాదాలన్న పద్ధతి చెప్పాను. పాదాల ఫోల్డర్ చూపిస్తే హాలు హోరెత్తిపోయింది. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు హుషారొచ్చింది. ఎన్నో బొమ్మ నడుస్తోందో మర్చిపోయాను.

అప్పుడు మా అన్న వచ్చాడు.

స్టూడియోలో నా కంప్యూటర్ మీద జానెడు ఉన్నవాడు అక్కడ గోడంత ఉన్నాడు. నవ్వుతున్నాడు. "ఈయన కేరళలో బోటు మీద పని చేస్తున్నాడు" అనాలని ముందే ఎన్నిసార్లో అనుకుని పెట్టుకున్న మాట అది. నోరు తెరిచాను. రాలేదు. హాలు ఎదురు చూస్తోంది. సెకన్లు పోతున్నాయి. వదిన వైపు చూడలేక కింద నేల చూశాను.

అమ్మ లేచి నిలబడింది.

"ఓలమ్మోలమ్మ! సెప్పుల్లేకుండా నిలబెట్టీసినావేటే ఆడ్ని? ఆ ఎండలో కాళ్ళు కాలవా?"

జనం గొల్లున నవ్వారు. ఇది కూడా ముందే అనుకుని చేసిందేమో అనుకున్నారు. గుండెల దాకా కొయ్యమన్న మా అమ్మ, దండ వేసేద్దామన్న మా అమ్మ, కొడుక్కి కాళ్ళు కాలతాయని కంగారు పడుతోంది. ఇంకా ఏదో చెప్పబోతుంటే బొమ్మ మారిపోయింది. తెర మీద ఎవరో కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు పాల గిన్నెతో నిలబడ్డారు.

అమ్మ కూర్చోలేదు. "ఏడే?" అంది. "ఎటెల్లిపోనాడు?"

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలోంచి ఎవరో "పాత బొమ్మ వెయ్యండయ్యా" అన్నారు. నిర్వాహకుడు మొదటిసారి ఫోన్లోంచి తలెత్తి నా వైపు చూశాడు, కంప్యూటర్ వైపు చూశాడు, ఏదో నొక్కాడు. బొమ్మ వెనక్కి రాలేదు, ఇంకొకటి ముందుకి పోయింది. పిల్ల నాన్నమ్మ చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. మిగిలిన బొమ్మలకి నేను ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. చప్పట్లు మాత్రం చాలాసేపు కొట్టారు, ఆ చప్పట్లు నాకు చెంపల మీద పడ్డట్టున్నాయి.

బయటికి వచ్చేసరికి వీధిదీపాలు అప్పుడే వెలిగాయి. అమ్మని, పిల్లని టీ బండి దగ్గర బల్ల మీద కూర్చోబెట్టి వదిన నా కోసం గేటు దగ్గర నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును కూడా.

"ఆ కాళ్ళు నీవి" అంది.

నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

"నాకు తెలీదనుకున్నావేటి? మీ అన్నకి ఎడం కాలి బొటనేలికి గోరు లేదు. మా పెళ్ళయిన కొత్తలో లంగరు పడీసింది, మరి గోరు రాలేదు. రోజూ రేత్రి నూనె రాసేదాన్ని."

అప్పటికే నేను చదువు పేరుతో బరంపురంలో ఉన్నాను. నాకు తెలీదు. నాన్న పాదాలు, నా పాదాలు, అన్న పాదాలు ఒకటేనని ఎంత ధీమాగా అతికించాను! సిగ్గుతో చచ్చిపోయాను.

"వేరేవి చూస్తాను వదినా. గోరు తీసేస్తాను, ఎంతసేపు?"

"ఒద్దు. తీసీ. కాళ్ళు పెట్టకు."

అమ్మ మాటకి ఒప్పేసుకుందా అనుకున్నాను. "కాళ్ళు లేపోతే ఊరంతా ఏటనుకుంటారో నీకు తెలుసు కదా? నేను ఇందాకల స్టేజీ మీద సెప్పింది అదే కదా?"

"అనుకోనీ" అంది వదిన. గాజులు సర్దుకుంది. "మీ అన్న కాళ్ళు మీ అన్నే తెచ్చుకుంటాడు. మద్దిలో నువ్వూ నేనూ పెట్టీడమేటి?"

నాకు ఏడుపొచ్చింది. అన్న కబురు తెలిసిన రోజు కూడా ఏడవనిదాన్ని, ఆ గేటు పట్టుకుని వీధిలో అందరి ముందూ ఏడ్చాను. వదిన నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది గాని ఊరుకోమనలేదు. టీ బండి దగ్గర నుంచి అమ్మ మమ్మల్నే చూస్తోంది.

ఫంక్షన్‌కి ఫోటో చేశాను. వదినా పిల్లా కుర్చీల్లో కూర్చున్నారు. అన్న వాళ్ళ వెనక మోకాళ్ళ దాకా ఉన్నాడు. అక్కడి నుంచి కింద, కుర్చీల సందులో ఖాళీ గచ్చు అలాగే వదిలేశాను. మబ్బుల్లేవు, గీత లేదు. ఓనరు గారు కళ్ళజోడు పైకి నెట్టి చూశారు. అడుగున చూశారు, మళ్ళీ మొహం చూశారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన పద్ధతి మాట ఎత్తలేదు. తనే అద్దం తుడిచి ఫ్రేము కట్టించారు.

చుట్టాలు గుసగుసలాడారు. ఉన్నట్టా లేనట్టా అని ఒకావిడ నన్నే అడిగింది. "మీరే చూసి చెప్పండి పిన్నీ" అని కసిరాను. దండ తెస్తుందేమోనని అమ్మ వెనకే తిరుగుతూ ఉన్నాను. ఆ రోజు నేను కూర్చోలేదు. పిల్లకి ఓణీ కట్టారు, అక్షింతలు వేశారు, భోజనాలు పెట్టారు. అమ్మ ఫోటో దగ్గరికే రాలేదు.

సాయంత్రానికి జనం వెళ్ళిపోయారు. వాకిలి ఊడ్చడానికి చీపురు తీసుకుని వెళ్తే, గడప పక్కన ఒక జత చెప్పులు మిగిలి ఉన్నాయి. మగవాళ్ళవి, కొత్తవి, అడుగున మట్టి కూడా అంటలేదు. ఎవరో మర్చిపోయి వెళ్ళారు, వీధి చివర దాకా పరుగెత్తితే అందుకోవచ్చు అనుకుని చేతిలోకి తీసుకున్నాను.

"ఒగ్గీయే" అంది అమ్మ లోపల్నుంచి. "అయి మనయ్యే. ఆడి సైజే తెచ్చినాను."

తీసినచోటే పెట్టేశాను.